మా అమ్మమ్మ సవర తెగ, నా డీఎన్ఏ రిపోర్ట్‌లో ఎం2 అని వచ్చింది, అంటే ఏటి అర్థం?

అమ్మా, ముందు సమాధానం చెప్పీసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పటికే దీనిమీద మాటా మాటా పెరిగిందని రాశారు. ఆ రిపోర్ట్ చూసి మీ అమ్మమ్మ సవర కాదని ఎవరైనా అంటే అది తప్పు. ఆవిడ సవర అవడానికీ మీకు ఎం2 రావడానికీ ఏ తగాదా లేదు. సవర అమ్మమ్మ ఉన్న మనిషి నా దగ్గరికి వస్తే, టెస్ట్ చెయ్యకముందే ఎం2 లాంటిదేదో వస్తుందనే నేను అనుకుంటాను.

మిగతావాళ్ళకీ అర్థం అవ్వాలి కాబట్టి మీరు అడిగింది క్లుప్తంగా రాస్తున్నా. మీ అమ్మగారి అమ్మ సీతంపేట వైపు కొండ ఊరి సవర, మీ అమ్మగారి నాన్న పాలకొండ వైపు తెలుగు రైతు కుటుంబం, మీ నాన్నగారిది రాజాం. సరదాగా డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే తల్లివైపు వంశపు కొమ్మ ఎం2 అని, మొత్తం లెక్కలో ఆగ్నేయాసియా ఓ 5 శాతం అని వచ్చింది. సవరల పూర్వీకులు ఆగ్నేయాసియా నుంచి వచ్చారని మీరెక్కడో చదివారు, ఎం2 మాత్రం అచ్చంగా ఇండియాది, చెంచుల్లోనూ తమిళుల్లోనూ కూడా ఉంటుంది, కాబట్టి అమ్మమ్మని చిన్నప్పుడు ఎవరో తెచ్చి పెంచుకుని ఉంటారని మీ బంధువుల్లో ఒకరు అనేశారు. ఇంకొకరు ఈ కాగితం ఎస్టీ సర్టిఫికెట్‌కి పనికొస్తుందా అని అడుగుతున్నారు. ఇదీ సంగతి.

నాది విజయనగరం. తల్లివైపు డీఎన్ఏ చదవడం మీదే నా ఉద్యోగమంతా గడిచింది, సాలూరు పాచిపెంట వైపు గదబల దగ్గరికీ, సీతంపేట భామిని వైపు సవరల దగ్గరికీ, గుమ్మలక్ష్మీపురం వైపు జాతాపుల దగ్గరికీ శాంపిల్స్ కోసం తిరిగినదాన్ని. అందుకే ఇలాంటి ఒక్క లైను చూసి ఒక ముసలావిడ పుట్టుకనే అనుమానించడం చూస్తే నాకు మనసు ఊరుకోదు, కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

తల్లివైపు టెస్ట్ అంటే ఏం చూస్తారో ముందు తెలియాలి. మన ప్రతి కణంలో మైటోకాండ్రియా అని చిన్న చిన్న భాగాలు ఉంటాయి, వాటికి సొంతంగా ఒక డీఎన్ఏ ఉంటుంది, రింగులా గుండ్రంగా 16,569 అక్షరాలు, అందులో 37 జీన్లు. అండంలో దీని కాపీలు లక్షకి పైనే ఉంటాయి, తండ్రి కణంతో వచ్చే కాసిన్నీ ఫలదీకరణ అయ్యాక నాశనం అయిపోతాయి, అందుకని కొడుక్కైనా కూతురికైనా ఇది అమ్మ నుంచే వస్తుంది, కూతురు మాత్రమే ముందుకి ఇస్తుంది. ఇంటిపేరు నాన్న నుంచి కొడుక్కి ఎలా పోతుందో ఇది అమ్మ నుంచి కూతురికి అలా పోతుంది, కాకపోతే దీనికి పేరు పెట్టే అలవాటు మనకి లేదు. ఇంటిపేరుతో పాటే నడిచేది వై క్రోమోజోమ్, అది మగవాళ్ళకే ఉంటుంది, మీకు లేదు కాబట్టి మీ రిపోర్ట్‌లో ఆ వైపు ఖాళీ.

ఇప్పుడు లెక్క చూడండి. పది తరాలు వెనక్కి వెళ్తే మీకు 1024 మంది పూర్వీకులు, మేనరికాల వల్ల మనవైపు అసలు మనుషులు అంతకంటే తక్కువే ఉంటారు గానీ స్థానాలు మాత్రం 1024. అందులో ఎం2 అని చెప్పేది ఒకే ఒక్కావిడ గురించి. మిగతా 1023 స్థానాల్లో ఉన్నవాళ్ళు సవరలా, రైతులా, చేపలు పట్టేవాళ్ళా, ఎక్కడివాళ్ళు, ఆ రెండక్షరాలు ఒక్క మాట చెప్పవు. అలాగని ఆ ఒక్కావిడ గురించి చెప్పేది చిన్న విషయమూ కాదు, మధ్యలో ఎక్కడా వేరే డీఎన్ఏతో కలవకుండా తెగకుండా వేల ఏళ్ళ కిందటి దాకా తీసుకెళ్ళే దారి అది.

ఇంక అసలు విషయం, మీ బంధువులు తిరగేసి అర్థం చేసుకున్నది. సవర భాష తెలుగు కుటుంబం కాదు. అది ముండా భాష, సంతాలీ, ముండారీ, గుతోబ్ గదబ వీటితో చుట్టరికం, ఇంకా దూరం వెళ్తే ఖాసీ, మోన్, ఖ్మేర్, వియత్నామీస్, మొత్తాన్ని ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం అంటారు. మన గిడుగు రామమూర్తి గారు, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి, పర్లాకిమిడిలో ఉంటూ సవరలతో కూర్చుని ఆ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాసి సొంత డబ్బుతో వాళ్ళ పిల్లలకి బడులు పెట్టారు, వాడుక తెలుగు కోసం చేసిన పోరాటమే అందరికీ తెలుసు గానీ ఇది కూడా అంత పెద్ద పనే. సరే, భాష చుట్టాలు కంబోడియా వియత్నాంలో ఉన్నారు కదా, మనుషులు కూడా అక్కడినుంచే వచ్చారా అన్నది చాలాకాలం నలిగిన ప్రశ్న. డీఎన్ఏ వచ్చాక ఏం తేలిందంటే, వచ్చారు, కానీ ఆ వచ్చినవాళ్ళలో దాదాపు అంతా మగవాళ్ళే.

ముండా భాషలు మాట్లాడే తెగల్లో మగవాళ్ళ వై క్రోమోజోమ్ చూస్తే సగానికి పైగా ఓ2ఏ అనే రకం, ఎం95 అనే గుర్తు ఉన్నది, అది ఆగ్నేయాసియా వైపుది. అదే ఊళ్ళలో అదే ఇళ్ళల్లో ఆడవాళ్ళ వైపు మైటోకాండ్రియా చూస్తే ఆగ్నేయాసియా రకాలు దాదాపు కనపడవు, ఉన్నవన్నీ ఎం, ఆర్, యూ2 కుటుంబాల్లోని మన నేల రకాలే. 2011లో జ్ఞానేశ్వర్ చౌబే, తంగరాజ్ గారు వాళ్ళ బృందం దేశంలో ఆస్ట్రోఏషియాటిక్ మాట్లాడేవాళ్ళందరి మీద చేసిన పెద్ద స్టడీలో ఇది గట్టిగా తేల్చారు, మొత్తం జీనోమ్, అంటే అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చే డీఎన్ఏ అంతా, తీసుకుంటే ముండా వాళ్ళలో ఆగ్నేయాసియా వాటా సుమారు పావు వంతు, మిగతా ముప్పాతిక ఇక్కడిదే. మేఘాలయ ఖాసీల దగ్గర కథ వేరు, అక్కడ ఆడవాళ్ళ వైపు కూడా తూర్పు రకాలు బాగా ఉంటాయి. 2019లో వచ్చిన ఇంకో స్టడీ ఈ కలయిక సుమారు 2000 నుంచి 3800 ఏళ్ళ మధ్య జరిగిందని లెక్కకట్టింది.

అంటే జరిగింది ఇదీ. తూర్పు నుంచి చిన్న చిన్న గుంపులుగా మగవాళ్ళు వచ్చారు, ఒడిశా కొండలు, ఛోటానాగ్‌పూర్, మన మహేంద్రగిరి వైపు అప్పటికే నివాసం ఉన్నవాళ్ళలోని ఆడవాళ్ళతో బిడ్డల్ని కన్నారు, పిల్లలకి భాష తండ్రుల వైపుది వచ్చింది, మైటోకాండ్రియా మాత్రం తల్లుల నుంచే కదా వచ్చేది, అది ఇక్కడిదే ఉండిపోయింది. సవర ఆడపడుచు వంశం అంటే ఈ నేల మీద ముండా భాష రాకముందు నుంచీ ఉన్న వంశం అన్నమాట. మీ ఎం2 చూసి అమ్మమ్మ సవర కాదేమో అనడం ఎంత అన్యాయమో చూడండి, ఆవిడకి ఆగ్నేయాసియా తల్లి రకం వచ్చి ఉంటేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

మీ రిపోర్ట్‌లో ఆ 5 శాతం సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు. అమ్మమ్మ నుంచి మీకు రమారమి పావు వంతు వస్తుంది, కచ్చితంగా 25 కాదు, అటూ ఇటూ అవుతుంది. అందులో ఆగ్నేయాసియా వాటా పావు అనుకుంటే పావులో పావు పదహారో వంతు, ఆరు శాతం చిల్లర. మీకు వచ్చింది 5. ఇంత చిన్న అంకెల మీద నేనెప్పుడూ పందెం కట్టను, ఈ కంపెనీల దగ్గర మన కొండవాళ్ళ శాంపిల్స్ లేకపోవడం వల్ల ఒకళ్ళది ఒకళ్ళకి అంటగట్టడం మామూలే, అయినా మీ అమ్మమ్మ కథకి ఆ అంకె ఎదురు చెప్పడం లేదు, వత్తాసే పలుకుతోంది.

ఇప్పుడు ఎం2 అంటే ఏంటో. ల్యాబ్‌లో డీఎన్ఏలోని నాలుగు రకాల అక్షరాల్నీ చదివే సీక్వెన్సర్ నుంచి వచ్చే బొమ్మలో నాలుగు రంగుల గీతలు కొండల్లా లేచి దిగుతుంటాయి, ఏ కి ఆకుపచ్చ, సి కి నీలం, జి కి నలుపు, టి కి ఎరుపు. 10400 అనే స్థానం దగ్గర యూరప్ మనిషికి నీలం కొండ లేస్తుంది, మీకు ఎర్ర కొండ లేస్తుంది. ఆ ఒక్క మార్పు మీరు ఎం అనే పెద్ద కుటుంబం అని చెప్పే ముఖ్యమైన గుర్తు, ఆఫ్రికా నుంచి బయటికి వచ్చినవాళ్ళ తల్లి వంశాలు ఎం, ఎన్ అని రెండే పెద్ద కొమ్మలు, ఆర్, యూ ఇవన్నీ ఎన్ కిందికి వస్తాయి. ఇండియాలో సగానికి పైగా జనం ఎం కుటుంబమే, అందులో ఎం2 ఇక్కడి అతి పాత కొమ్మల్లో ఒకటి, వయసు దాదాపు 50 వేల ఏళ్ళు. ఒకటి గుర్తుపెట్టుకోండి, రిపోర్ట్‌లో తేడాలు అని ఓ జాబితా ఉంటుంది చూడండి, అది కేంబ్రిడ్జ్‌లో 1981లో చదివి 1999లో సరిదిద్దిన ఒక యూరప్ మనిషి డీఎన్ఏతో పోల్చి రాసేది, అవి జబ్బులూ కావు లోపాలూ కావు, మొన్న ఒకావిడ ఆ జాబితా పట్టుకుని ఏడుస్తూ ఫోన్ చేసింది అందుకని చెప్తున్నా.

50 వేల ఏళ్ళ నాటికి సవర లేదు, జాతాపు లేదు, కాపు లేదు, వెలమ లేదు, తెలుగే లేదు. అలాంటప్పుడు ఎం2 అంటే ఫలానా తెగ అని ఎలా చెప్తాం? 2003లో కివిసిల్డ్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం మన ఆంధ్ర నుంచే కోయలనీ చెంచులనీ తీసుకుని కులాలవాళ్ళతో పోల్చి చూశారు, తెగలకీ కులాలకీ కింద ఉన్న తల్లి వేర్లు ఒకటేనని చెప్పారు. మీ అమ్మమ్మ ఎం2, మీ పక్కింటావిడ ఎం2, కడపలో ఎవరో ఎం2, అందరూ ఒకే అవ్వ బిడ్డలే గానీ ఆ అవ్వ ఎంత దూరపుదో మీరే ఆలోచించండి. ఆర్7 అని ఇంకో కొమ్మ ఉంది, తూర్పు వైపు ముండా వాళ్ళలో కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, అది వచ్చినా సవర అని ముద్ర వెయ్యడానికి లేదు, పక్కనున్న ద్రావిడ భాషల వాళ్ళలోనూ అదే ఉంది. గదబలనే చూడండి, ఒకే పేరు, గుతోబ్ మాట్లాడే గదబలది ముండా భాష, ఒల్లారి మాట్లాడేవాళ్ళది ద్రావిడం. జాతాపులకి ఖోండులతో చుట్టరికం, ఇప్పుడు ఇంట్లో మాట తెలుగు. భాష ఒక దారిన పోతుంది, పేరు ఒక దారిన పోతుంది, అమ్మ వంశం ఇంకో దారిన పోతుంది.

కొండ కిందివాళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ బంధువుల మాటల్లో మేము వేరు వాళ్ళు వేరు అన్నది వినపడింది. 1998లో బాంషాద్ అనే ఆయన, జోర్డ్ అనే ఆయన ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళతో కలిసి విశాఖ జిల్లాలోని తెలుగు కులాల మీద చేసిన పరిశోధన నేచర్‌లో వచ్చింది. తల్లివైపు డీఎన్ఏలో పై కులం, మధ్య కులం, కింది కులం అని మెట్ల ప్రకారం దూరం పెరుగుతూ కనపడింది, తండ్రి వైపు అలా కనపడలేదు. వాళ్ళు చెప్పిన కారణం ఏటంటే, ఆడవాళ్ళు అప్పుడప్పుడూ ఒక మెట్టు పైకి పెళ్ళయి వెళ్ళేవాళ్ళు, మగవాళ్ళకి ఆ దారి మూసుకుపోయి ఉండేది. అంటే కులాల మధ్య గోడ దాటింది ఎప్పుడైనా ఆడమనిషే. మీ అమ్మమ్మ కొండ దిగి పాలకొండ కాపురానికి రావడం కొత్తగా జరిగింది కాదు, చాలా పాత దారి అది, కాకపోతే ఆవిడ పేరు మీకు తెలుసు, పాతవాళ్ళ పేర్లు ఎవరికీ తెలీవు.

మేనరికాల గురించి రాయకపోతే మనవైపు తల్లి వంశం అర్థం కాదు, ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క కూడా. ఒకాయన మేనత్త కూతుర్ని చేసుకున్నాడనుకోండి. మేనత్తకీ ఆయన నాన్నకీ అమ్మ ఒక్కరే, కాబట్టి ఇద్దరి మైటోకాండ్రియా ఒకటే. మేనత్త అది కూతురికి ఇచ్చింది, ఆ కూతురు ఈయన పిల్లలకి ఇచ్చింది. అంటే ఈయన నాన్నతో ఆగిపోవాల్సిన నాయనమ్మ వంశం మేనత్త మీదుగా చుట్టూ తిరిగి ఈయన పిల్లల్లోకి వచ్చీసింది. అదే మేనమామ కూతుర్ని చేసుకుంటే అలా జరగదు, ఆ అమ్మాయికి వచ్చేది వాళ్ళ అమ్మది, అంటే మేనమామ భార్యది, ఆవిడ బయటి నుంచి వచ్చినావిడ అయితే బయటి వంశం. ఇంక అక్క కూతుర్ని చేసుకుంటే, మా అమ్మ తరంలో అది మామూలే, భార్యాభర్తలిద్దరిదీ ఒకటే మైటోకాండ్రియా, పిల్లలకి నాన్నదీ అమ్మదీ ఒకటే అయిపోతుంది. అలాంటి కుటుంబంలో ఎవరైనా నాది మా నాన్నతో కలిసింది, టెస్ట్ తప్పు వచ్చిందేమో అని అడిగితే నేను ముందు పెళ్ళిళ్ళ లెక్క అడుగుతాను. వంశవృక్షం గీసుకునేటప్పుడు ఎవరెవర్ని చేసుకున్నారో గీతలు గీసి చూడండి, తల్లి వంశాన్ని వేరే రంగు పెన్నుతో దిద్దుకుంటూ వెళ్ళండి, మీకే తెలుస్తుంది.

ఇలా మగవాళ్ళ కథ ఒకటి ఆడవాళ్ళ కథ ఒకటి అవడం మన దగ్గరే కాదు. ప్యూర్టోరికో అని కరేబియన్‌లో ఒక దీవి, 1493లో కొలంబస్ దిగాడు, అక్కడి తైనో జాతి కొన్ని దశాబ్దాల్లో పూర్తిగా అంతరించిపోయిందని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. తర్వాత మార్టినెజ్ క్రుసాడో అనే అక్కడి శాస్త్రవేత్త దీవి అంతటా జనాన్ని తీసుకుని తల్లివైపు డీఎన్ఏ చూస్తే 61 శాతం మందికి మూలవాసుల రకం, 27 శాతానికి ఆఫ్రికా, మిగతా యూరప్. అదే జనానికి మొత్తం జీనోమ్ లెక్క చూస్తే మూలవాసుల వాటా 15 శాతం చుట్టుపక్కలే. మగవాళ్ళని చంపారు, గనుల్లో పని చేయించి ప్రాణాలు తీశారు, రోగాలకి పోయారు, ఆడవాళ్ళు మాత్రం వచ్చినవాళ్ళ పిల్లల్ని కన్నారు, ఆ కూతుళ్ళు కూతుళ్ళని కన్నారు. బ్రెజిల్‌లో తెల్లవాళ్ళమని చెప్పుకునేవాళ్ళ మీద 2000లో వచ్చిన స్టడీలో తల్లివైపు 33 శాతం మూలవాసులు, 28 శాతం ఆఫ్రికా, తండ్రివైపు చూస్తే దాదాపు అంతా యూరప్. అక్కడ జరిగింది బలవంతం, దాని లెక్కలు రాతపూర్వకంగా ఉన్నాయి. దాన్ని తెచ్చి మన ముండా వాళ్ళ మీద అలాగే పెట్టకండి, డీఎన్ఏ ఎవరు ఎవరితో బిడ్డల్ని కన్నారో చెప్తుంది గానీ ఇష్టంతోనా కష్టంతోనా అన్నది చెప్పదు.

మన తీరంలోనే దీనికి తిరగబడ్డ ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎంతమంది రంగం, అంటే బర్మా, వెళ్ళారో పెద్దవాళ్ళకి తెలుసు, రంగూన్ మిల్లుల్లో, పోర్టులో పని, 1942లో జపాన్ వాళ్ళు బాంబులేస్తే నడిచి వచ్చినవాళ్ళు, 1962 తర్వాత అన్నీ ప్రభుత్వం తీసేసుకుంటే ఓడల్లో వచ్చినవాళ్ళు. కొంతమంది అక్కడి ఆడవాళ్ళని చేసుకుని వచ్చారు. అలాంటి బర్మా అమ్మమ్మ ఉంటే, ఆవిడ కూతురి కూతురికి ఎఫ్1, బి5 లాంటి ఆగ్నేయాసియా రకం రావడానికి బాగా వీలుంది. చూశారా, ఆగ్నేయాసియా తల్లి రకం మన జిల్లాల్లో ఎవరికైనా వస్తే నేను కొండవైపు చూడను, రంగం వైపు చూస్తాను.

ఇప్పుడు సర్టిఫికెట్ అడిగినవాళ్ళకి. పనికిరాదు. ఏ డీఎన్ఏ రిపోర్టూ పనికిరాదు, ఏ తాసిల్దారూ ఏ ఆర్డీవో చూడరు, చూడకూడదు కూడా. తెగ అంటే రక్తంలో గుర్తు కాదు, ఒక సమాజంలో పుట్టి పెరిగి వాళ్ళ మనిషిగా బతకడం, దానికి చట్టపు లెక్క వేరు. 2012లో గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, తల్లి గిరిజనురాలు తండ్రి కాదు అన్నప్పుడు పిల్లలది తండ్రి కులమే అని అనుకోవచ్చు గానీ అదే ఆఖరి మాట కాదు, తల్లి సమాజంలోనే పెరిగి ఆ కష్టనష్టాలు పడ్డామని సాక్ష్యంతో చూపించుకోవచ్చు అని చెప్పింది. మీరు పాలకొండలో పుట్టి హైదరాబాద్‌లో చదువుకున్నారు, కాబట్టి ఆ ఆలోచన వదిలేయమని మీ బంధువులకి గట్టిగా చెప్పండి. కొండ మీద నిజంగా హక్కు ఉన్న పిల్లల సీటు అది. ఉల్టాగా కూడా జరుగుతుంది, రేపెవరో ఒక సవర కుర్రాడి రిపోర్ట్ పట్టుకుని నీది ఫలానా రకం, నువ్వు సవర కాదు అంటారు, ఆ దారి మనం తెరవకూడదు.

అందుకే శాంపిల్ తీసుకోవడం గురించి ఒక మాట. అమెరికాలో అరిజోనాలో హవసుపాయి అని చిన్న తెగ, గ్రాండ్ కాన్యన్‌లో ఉంటారు, 1990 నుంచి షుగర్ జబ్బు పరిశోధన అని రక్తం ఇచ్చారు. తర్వాత అదే రక్తాన్ని మానసిక జబ్బుల మీదా, వాళ్ళెక్కడి నుంచి వలస వచ్చారన్న దాని మీదా వాడారని తెలిసింది, తమ పుట్టుక కథకి విరుద్ధంగా పేపర్లు వచ్చాయని వాళ్ళు చాలా బాధపడ్డారు, 2004లో కోర్టుకెళ్ళారు, 2010లో యూనివర్సిటీ వైపు 7 లక్షల డాలర్లు ఇచ్చి మిగిలిన రక్తం వెనక్కి ఇచ్చింది. ఈ కథ నేను కొండకి వెళ్ళే ప్రతి కుర్ర రీసెర్చ్ స్కాలర్‌కీ చెప్తాను. సీతంపేట పైన ఒక ఊళ్ళో అరుగు మీద కూర్చుని చీపుర్లు కట్టుకుంటున్న ఒకావిడ, పుల్ల తీసుకుని బుగ్గ లోపల రుద్దుతానంటే, చేతిలో పని ఆపకుండా, దీంతో నా గురించి ఏం తెలుసుకుంటావు, తెలిశాక ఎవరికి చెప్తావు, నాకు వచ్చి చెప్తావా అని మూడు ప్రశ్నలు వేసింది. ఎథిక్స్ కమిటీ ఫారంలో నాలుగు పేజీలు ఉంటాయి, ఈ మూడింటికీ సరైన జవాబు చెప్పగలిగితే చాలు. మళ్ళీ వెళ్ళి ఆవిడకి చెప్పాను కూడా, మీ అమ్మ, వాళ్ళ అమ్మ, వాళ్ళమ్మ ఈ కొండల్లోనే చాలా పాతకాలం నుంచి ఉన్నారని తెలిసిందమ్మా అని. అది మాకు తెలుసు అంది, తెలిసినా వచ్చి చెప్పినందుకు ఓ పనసపండు ఇచ్చింది.

ప్రైవేట్ కంపెనీల దగ్గర ఈ జవాబుదారీ కూడా ఉండదు. 23అండ్‌మీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అందరి డీఎన్ఏ ఎవరి చేతికి వెళ్తుందా అని జనం కంగారుపడ్డారు. మీరు చేయించుకున్నది ఏ కంపెనీ అయినా రా డేటా, అంటే మీ డీఎన్ఏ అక్షరాలు ఉన్న ఫైలు, డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని, శాంపిల్ పారేయమనే ఆప్షన్ ఉంటే అది నొక్కండి.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది, దీని గురించి మీరు అడగలేదు. సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే రక్తపు జబ్బు, దాని టెస్ట్ చేయించుకున్నారా? మన ఏజెన్సీ తెగల్లో ఆ జీన్ ఉంది, అది 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తల్లి నుంచైనా తండ్రి నుంచైనా రావచ్చు, కాబట్టి మీ ఎం2 కాగితంలో అది కనపడదు. ఒక కాపీ ఉంటే మీకేం తెలియకపోవచ్చు, బాగానే ఉంటారు, కానీ మీకూ చేసుకోబోయే అబ్బాయికీ ఇద్దరికీ ఒక్కో కాపీ ఉంటే ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం బిడ్డకి జబ్బు రావడానికి. మీ అమ్మగారి వైపు మేనరికాలు కూడా ఉన్నాయన్నారు, అందుకే అడుగుతున్నా. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ళ లోపు వాళ్ళు 7 కోట్ల మందికి స్క్రీనింగ్ అన్నారు, ముందు వేలి చుక్కతో చిన్న టెస్ట్, అది పాజిటివ్ అయితే గట్టిగా తేల్చడానికి హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ టెస్ట్. ఊరెళ్ళినప్పుడు గవర్నమెంట్ ఆసుపత్రిలో అడగండి, మీ అమ్మగారికీ మీ తమ్ముడికీ కూడా చేయించండి. వంశం గురించి తెలుసుకోడానికి పెట్టిన డబ్బులో పదో వంతు ఖర్చు కూడా కాదు.

అప్పటికీ ఇంట్లోవాళ్ళ అనుమానం తీరకపోతే ఒక దారి ఉంది. మీ అమ్మమ్మ తమ్ముడు, అంటే మీ అమ్మగారి మేనమామ, ఇంకా ఊళ్ళోనే ఉన్నారన్నారు కదా. ఆయన సొంత తమ్ముడైతే ఆయనకీ మీకూ మైటోకాండ్రియా ఒకటే ఉండాలి, ఎం2 లో ఏ చిన్న కొమ్మో కూడా కలవాలి, అప్పుడు అమ్మమ్మని పెంచుకున్నారన్న మాట అక్కడితో ఆగిపోతుంది. పైగా మీకు లేని వై క్రోమోజోమ్ ఆయనకి ఉంది, అది మీ అమ్మమ్మ వాళ్ళ నాన్నది. ఒక్క మనిషితో రెండు వైపులా తెలుస్తుంది. చిప్ మీద చేసేది కాకుండా మైటోకాండ్రియా మొత్తం 16,569 చదివే టెస్ట్ అడగండి, చిప్ అక్కడక్కడా ముట్టుకుని పోతుంది, చిన్న కొమ్మలు తేలవు. ఆయనకి ముందు అంతా విడమర్చి చెప్పండి, సవరలో చెప్పేవాళ్ళు ఉంటే ఇంకా మంచిది, వద్దంటే అక్కడితో వదిలేయండి, మీ అమ్మమ్మ ఎవరో రుజువు చెయ్యాల్సిన బాధ్యత ఆయన మీద లేదు.

ఒప్పుకుని చేయించుకుంటే, వై రిపోర్ట్‌లో ఎం95 ఉందా అన్నది చూడండి, ఈ ఎం95 అన్నది మార్కర్ పేరు, తల్లివైపు ఎం కుటుంబానికీ దానికీ సంబంధం లేదు, చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఉంటే ఆ వైపు పెద్దాయన ఎవరో తూర్పు నుంచి వచ్చినవాడు. లేకపోయినా ఏం కాదు, ముండా తెగల్లో హెచ్ రకం కూడా ఉంటుంది, అది ఇక్కడి మగవాళ్ళది. రెండు రిపోర్టుల రా డేటా వచ్చాక పేర్లు తీసేసి పెట్టండి, చూసి చెప్తాను.